కొత్త ఆటకు రమ్మంటే ఎందుకు రారు?

"ఎన్ని రుజువులు చూపించినా జనం మారరండీ" అనే మాట మన హేతువాద మిత్రుల నోట తరచు వింటుంటాను. మారకపోవడానికి కారణాలు కూడా మనమే చెప్పుకుంటాం. మతం వెనక భయం ఉంది, కులం వెనక పెళ్లి సంబంధాలున్నాయి, బాబాల వెనక వ్యాపారం ఉంది, అందుకే మారరు అని. ఇవన్నీ నిజమే. కానీ వీటిలో ఏ ఒక్కటీ లేని చోట కూడా మనుషులు మారరని చూపించే చరిత్ర ఒకటుంది. అక్కడ దేవుడు లేడు, నరకం లేదు, కట్నం లేదు, ఓటు లేదు. ఉన్నదల్లా ఒక బల్ల, నాలుగైదు కుర్చీలు, కొన్ని పాచికలు. అయినా సరే, "ఈ వారం వేరే ఆట ఆడదామా?" అంటే చుట్టూ ఉన్న ముఖాలు మాడిపోతాయి.

రోల్ ప్లేయింగ్ గేమ్ సంగతి తెలియని వారి కోసం నాలుగు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఒక కథ నడుపుతారు. అందులో ఒకరు సూత్రధారి, వాళ్ల భాషలో గేమ్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. తలుపు బద్దలైందా, రాక్షసుడికి దెబ్బ తగిలిందా అన్నది పాచికలూ నియమాల పుస్తకమూ కలిసి తేలుస్తాయి. ఆ నియమాల పద్ధతిని సిస్టమ్ అంటారు, కథ జరిగే లోకాన్ని సెట్టింగ్ అంటారు. రెండూ వందల సంఖ్యలో ఉన్నాయి. అమెరికాలో అత్యధికులు మాత్రం ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటారు. అది డంజన్స్ అండ్ డ్రాగన్స్, ముద్దుగా డి అండ్ డి. విసుగెత్తిన సూత్రధారి కొత్తది పట్టుకురావడం, బృందం వద్దనడం... ఈ పేచీకి కూడా యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

తమాషా ఏమిటంటే డి అండ్ డి కూడా ఒకప్పుడు ఎవరూ అడగని కొత్త ఆటే. 1960లలో అమెరికాలో యుద్ధ క్రీడల సంఘాలుండేవి. బల్ల మీద సీసపు బొమ్మలు పేర్చి నెపోలియన్ యుద్ధాలు మళ్లీ మళ్లీ చేసేవారు. మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే ఆయన 1969లో ఒక మార్పు చేశాడు. ఆటగాడికి పటాలం ఇవ్వకుండా బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణంలో ఒక మనిషి పాత్ర ఇచ్చాడు. ఆట గందరగోళంగా ముగిసింది. వెస్లీ అది విఫలమైందనే అనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ కావాలన్నారు. వాళ్లలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అనే కోటను కల్పించి, తన మిత్రులను దాని కింది సొరంగాల్లోకి దింపాడు. ఇక్కడ గమనించాల్సిన సంగతి, ఆ మిత్రులు ముందుగా ఏ పుస్తకమూ చదవలేదు. చదవడానికి పుస్తకమే లేదు. నియమాలన్నీ ఆర్నెసన్ బుర్రలోనూ అతని కాగితాల్లోనూ ఉన్నాయి. ఆటగాడు పెట్టాల్సిన పెట్టుబడి ఒక సాయంత్రం, అంతే.

1972 చివర్లో ఆర్నెసన్ విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు వెళ్లి గ్యారీ గైగాక్స్‌ను కూర్చోబెట్టి ఆ ఆట ఆడించాడు. గైగాక్స్ అప్పటికే మధ్యయుగపు యుద్ధాల మీద చైన్‌మెయిల్ అనే నియమావళి రాసినవాడు, అంటే సొంత సిద్ధాంతం ఉన్నవాడు. అతన్ని కదిలించింది ఒక్క రాత్రి ఆట. ఆ నోట్సు పంపమని అడిగాడు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి, 10 డాలర్ల ధరతో, 1000 ప్రతులు అమ్మకానికి వచ్చాయి.

మరుసటి ఏడాదికే పోటీ మొదలైంది. ఫీనిక్స్ నగరంలో కెన్ సెయింట్ ఆండ్రే ఆ నియమాలు చదివి తల పట్టుకుని, తనే తేలికైనది రాసుకున్నాడు. పేరు టన్నెల్స్ అండ్ ట్రోల్స్. డి అండ్ డి కి నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి, ఇలా చిత్రవిచిత్రమైన పాచికలు కావాలి. ఆ రోజుల్లో అవి దొరకడమే కష్టం. ఇతని ఆటకు ఇంట్లో వైకుంఠపాళి పెట్టెలో ఉండే మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు. 1976లో బఫెలో కాజిల్ అని ఒక్కడే కూర్చుని ఆడుకోగల పుస్తకం కూడా వచ్చింది. బృందం రాకపోతే ఒంటరిగానే రుచి చూడొచ్చన్నమాట!

అదే 1975లో ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్ వచ్చింది. రాసింది ఎం.ఎ.ఆర్. బార్కర్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషల ఆచార్యుడు, ఉర్దూ నేర్చుకునేవారికి పాఠ్యపుస్తకం రాసినవాడు. టెకుమెల్ అనే తన లోకానికి దేవతలనూ, వంశాలనూ, భాషలనూ, వాటికి వ్యాకరణాన్నీ తయారుచేశాడు. యూరపు కోటలూ గుర్రపు వీరులూ లేని లోకం అది, ఇండియా, మధ్య అమెరికా నాగరికతల వాసన కొట్టే లోకం. ధర 25 డాలర్లు. ఇంత పరాయి లోకంలోకి అమెరికా కుర్రాళ్లను ఎలా తీసుకురావాలి? బార్కర్ ఉపాయం నాకు భలే నచ్చింది. ఆటగాళ్ల పాత్రలన్నీ అప్పుడే పడవ దిగి జకల్లా రేవులో విదేశీయుల పేటకు చేరిన అనాగరికులు. పాత్రకూ ఏమీ తెలియదు, ఆటగాడికీ ఏమీ తెలియదు. చదివి రావాల్సిన పని లేదు, తెలియకపోవడమే పాత్ర!

బార్కర్ గురించి మరొకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1991లో మారుపేరుతో వచ్చిన ఒక నాజీ అనుకూల నవల ఆయనదేనని, యూదుల మారణకాండను కాదనే ఒక పత్రిక సలహామండలిలో ఆయన ఉన్నాడని ఆయన రచనల బాధ్యత చూసే సంస్థే 2022లో ఒప్పుకుంది. ఆయన పోయింది 2012లో. పరాయి సంస్కృతుల మీద అంత పాండిత్యం ఉన్నవాడికి ఆ బుద్ధి ఏమిటంటే... పాండిత్యం టీకా కాదు, ఇంకేం చెప్పను?

సరే, అసలు విషయానికొద్దాం. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అమెరికా బయట జరిగింది. స్వీడన్‌లో 1982లో ద్రాకర్ ఓ దేమోనర్ అనే ఆట స్వీడిష్ భాషలో వచ్చింది. పేరుకు అర్థం డ్రాగన్లూ దయ్యాలూ అనే అయినా, లోపలి నియమాలు డి అండ్ డి వి కావు. కేయాసియమ్ అనే చిన్న కంపెనీ పద్ధతివి, నైపుణ్యాన్ని శాతాల్లో లెక్కించేవి. జర్మనీలో 1984లో ఉల్రిష్ కీసో రాసిన దస్ ష్వార్జె ఆగె వచ్చి, అక్కడ డి అండ్ డి ని వెనక్కి నెట్టింది. జపాన్‌లో 1986లో కాంప్టిక్ అనే కంప్యూటర్ పత్రిక, ఒక బృందం డి అండ్ డి ఆడుతూ చెప్పుకున్న మాటలను సంభాషణలుగా అచ్చువేసింది. అదే రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్. జనం ఆడకముందే చదివి ఆనందించారు. ఆ బృందమే, గ్రూప్ ఎస్ఎన్ఈ, 1989లో సోర్డ్ వరల్డ్ అనే సొంత ఆట తెచ్చింది. లోడాస్ దీవి ఉన్న ప్రపంచమే దానికీ రంగస్థలం. జేబులో పట్టే చవక పుస్తకం, రెండు మామూలు పాచికలు. జపాన్‌లో అది పాతుకుపోయింది. తర్వాతి కాలంలో అక్కడ భయానక కథల ఆట కాల్ ఆఫ్ కథుల్హూ కూడా డి అండ్ డి ని దాటిపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. 1980లలో విస్కాన్సిన్‌లో పెరిగిన కుర్రాడికి ఇరవై ముఖాల పాచికే సహజం. స్టాక్‌హోమ్ కుర్రాడికి శాతాలు సహజం. ఒసాకా కుర్రాడికి రెండు మామూలు పాచికలు. "మాదే తేలిక, మిగతావి తికమక" అని ముగ్గురూ నమ్మకంగా చెప్పగలరు. ముగ్గురిలో ఏ ఒక్కరూ నాలుగైదు పద్ధతులు పక్కపక్కన పెట్టి పోల్చి ఎంచుకోలేదు. ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఏ పుస్తకం ముందు చేతికొచ్చిందో అదే. ఇది మనకు బాగా తెలిసిన కథ కాదూ? పుట్టిన ఇంటి మతమే సత్యమతం అనేవాడిని మనం అడిగే ప్రశ్నే ఇక్కడా అడగవచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ దేవుడిని తీసేశాం, అయినా ఫలితం అదే వచ్చింది. కనుక ఆ మొండితనంలో కొంత భాగం దేవుడి ఖాతాలో రాయడానికి వీల్లేదు.

మరో పోలిక కూడా ఉంది. బలమైన మతం స్థానిక గ్రామదేవతను తరిమెయ్యదు, ఏదో ఒక అవతారం చేసి కలిపేసుకుంటుంది. డి అండ్ డి చేసిందీ అదే. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో మన రాక్షసుడు చేరాడు. పులి తల, నోట్లో పొగ గొట్టం, ఆశీర్వదించిన బాణంతో కొడితే చావు. 1980లో వచ్చిన డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో ఇంద్రుడు, అగ్ని, కాళి వగైరాలకు ఎన్ని దెబ్బలు తట్టుకుంటారో అంకెలేసి మరీ ఇచ్చారు. (మనోభావాల సంఘాల కంట అది పడినట్టు లేదు!) 2002లో కథుల్హూ లోకాన్ని కూడా ఇరవై ముఖాల పాచిక నియమాల్లోకి మార్చి పుస్తకం వేశారు. కొత్త లోకం ఒప్పుకుంటాం, కొత్త నియమాలు మాత్రం వద్దు అనే బృందానికి ఇది రాజీ మార్గం. కానీ కథుల్హూలో నియమాలే కథ. మీ పాత్ర కళ్లారా చూసిన ఘోరాలకు దాని మతిస్థిమితం అంకెల్లో తరుగుతూ పోతుంది. ఆటగాడు రోజురోజుకూ బలవంతుడయ్యే నియమాల్లో ఆ భయం నిలవడం కష్టం.

వాణిజ్యశాస్త్రం చదివినవాడిగా నాకు ఈ మొండితనం పూర్తిగా అవివేకం అనిపించదు. రెండు పద్దులు విడదీసి చూడాలి. మొదటిది మునిగిపోయిన ఖర్చు. 2014 ముద్రణలో మూడు ముఖ్య పుస్తకాలు, ఒక్కోటి సుమారు 50 డాలర్లు. ఆ డబ్బు ఎలాగూ తిరిగి రాదు కనుక రేపటి నిర్ణయంలో దానికి స్థానం లేదని బి.కాం. పాఠం. "ఇంత పెట్టి కొన్నాను కదా" అనడం పొరపాటే. రెండోది మారడానికయ్యే ఖర్చు. మళ్లీ మూడొందల పేజీలు చదవాలి, రెండు నెలలు తడబడాలి, తీరా ఒకరు మానేస్తే ఆ ఆట తెలిసిన మరో మనిషి ఊళ్లో దొరకడు. ఇది రాబోయే నిజమైన ఖర్చు. నియమావళి విలువ అది తెలిసిన మనుషుల సంఖ్యలో ఉంటుందని 2000లో ఆ కంపెనీ తరఫున ర్యాన్ డాన్సీ వాదించాడు. ఆ వాదం మీదే తమ నియమాలను ఇతరులూ వాడుకునే బహిరంగ లైసెన్సు ఇప్పించాడు. లెక్క సరైనదే. కొత్త ఫారం వస్తే పాత ఫారం మీదే కొత్త నంబరు వేసి పంపించే ఆఫీసులను నేనూ చూశాను.

చాలామంది సూత్రధారులు తప్పు చేసేది ఇక్కడే. పాత ఆటలో లోపాల మీద ఉపన్యాసం దంచుతారు. వినేవాడికి ఆ ఆటంటే నియమాలు కాదు, ఆరేళ్ల శనివారాలు. దాన్ని తిడితే తన స్నేహితులను తిట్టినట్టే ఉంటుంది. ఇక కొత్త పుస్తకం వింటాడా? చరిత్రలో పనిచేసిన పద్ధతులన్నీ ఆ రెండో పద్దును కోసేసినవే. ఆర్నెసన్ పుస్తకమే లేకుండా ఆడించాడు. సెయింట్ ఆండ్రే ఇంట్లో ఉన్న పాచికలు వాడాడు. బార్కర్ అజ్ఞానాన్నే పాత్ర చేశాడు. జపాన్ వాళ్లు ముందు కథ చదివించారు. మామూలు బృందానికి దీని అర్థం, ఒక్క సాయంత్రం, ముందే రాసి సిద్ధం చేసిన పాత్రలు, నియమాలన్నీ సూత్రధారి తలనొప్పే, వచ్చే వారం పాత కథ ఆగిన చోటి నుంచే మొదలు. ఆ చివరి మాట ముఖ్యం. తిరిగి వచ్చే దారి మూసేస్తామంటే ఎవరూ గుమ్మం దాటరు. మన సభల్లో "ఈ రోజే దారాలు తెంపండి, తాయెత్తులు తీసెయ్యండి" అనే మిత్రులు ఈ బల్ల దగ్గర ఒక గంట కూర్చుంటే బాగుంటుందని నా కోరిక.

ఇక కుదుపుల సంగతి. 2008లో కంపెనీ నాలుగో ముద్రణలో నియమాలు బాగా మార్చేసింది. నచ్చనివాళ్లలో చాలామంది 2009లో పైజో సంస్థ తెచ్చిన పాత్‌ఫైండర్‌కు వెళ్లారు. అది కొత్త ఆట అనుకునేరు... పాత నియమాలకే మరమ్మతు! పేరు వదులుకున్నారు గానీ అలవాటు వదులుకోలేదు. 2023 జనవరిలో ఇంకా పెద్ద కుదుపు వచ్చింది. 2000 నాటి బహిరంగ లైసెన్సును రద్దు చేయాలని కంపెనీ చూస్తోందని బయటపడింది. ఇన్నేళ్ల వాదాలకు కదలని బృందాలు వారాల్లో కదిలాయి. ఎనిమిది నెలలకని ఉంచుకున్న పాత్‌ఫైండర్ పుస్తకాలు రెండు వారాల్లో అయిపోయాయని పైజో చెప్పింది. కంపెనీ అభిప్రాయాలు అడిగితే 15 వేలకు పైగా జవాబులొచ్చాయి, రద్దు మీద అసంతృప్తి చెప్పినవారు 89 శాతం. జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గి, తన మూల నియమాలను అందరూ వాడుకునే లైసెన్సు కింద విడుదల చేసింది. నియమాలు బాగాలేవని ఎవరూ లేచి పోలేదు, యజమాని మీద నమ్మకం పోయి లేచారు. నమ్మకం కాస్త కుదుటపడగానే చాలామంది వెనక్కి వచ్చారు కూడా.

క్రిటికల్ రోల్ అనే నటుల బృందం ఉంది, 2015 నుంచి తమ ఆటను ప్రత్యక్షంగా ప్రసారం చేస్తూ ఎంతోమందికి డి అండ్ డి ని పరిచయం చేసినవాళ్లు. ఆ ప్రసారానికి ముందు ఇంట్లో ఆడింది పాత్‌ఫైండర్. 2025 మేలో వీళ్ల ప్రచురణ సంస్థ డాగర్‌హార్ట్ అనే సొంత ఆటను విడుదల చేసింది, మంచి పేరు కూడా వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వాళ్ల నాలుగో పెద్ద కథ మొదలైంది. సొంత ఆటతోనే ఆడతారని చాలామంది ఎదురుచూశారు. వాళ్లు డి అండ్ డి తో ఆడారు.