సభలు వద్దన్న నాడు పత్రికే సభ
నడిగడ్డ బిడ్డ సురవరం నడిపిన ‘గోల్కొండ’

ధరూర్: తెల్లవారగానే ధరూర్ మండల కేంద్రంలోని టీ హోటళ్ల ముందు జిల్లా పేజీ చేతులు మారుతుంది. జూరాల గేట్లు ఎత్తారా, నెట్టెంపాడు నీరు ఏ చెరువు దాకా వచ్చింది, వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఎవరికి అన్న వాదులాట చాయ చల్లారినా తెగదు. అధికారి తప్పు చేశాడని పత్రిక రాస్తే నేడు ఎవరికీ వింతగా తోచదు. వందేళ్ల క్రితం పరిస్థితి ఇది కాదు. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డ రైతుకు తన ఊరి కష్టం తన భాషలో అచ్చులో కనబడడమే అరుదు. ఆ లోటును తీర్చిన పత్రికకు సంపాదకుడు ఈ ప్రాంతపు వాడే కావడం విశేషం.

సురవరం ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లిలో జన్మించారు. కర్నూలులో పినతండ్రి వద్ద పెరిగారు. మద్రాసులో బి.ఎ. చదివి, న్యాయశాస్త్ర పట్టా కూడా పొందారు. వకీలుగా స్థిరపడవలసిన ఆయనను హైదరాబాదుకు రప్పించి రెడ్డి హాస్టలు బాధ్యత అప్పగించినవారు నగర కొత్వాలు రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి. ఈయనదీ వనపర్తి ప్రాంతమే, స్వగ్రామం రాయణిపేట. పాలమూరు సీమకు చెందిన ఇద్దరు ఇలా నగరంలో కలుసుకోవడం తెలుగు పత్రికా చరిత్రకు మేలు చేసింది.

ఆనాటి హైదరాబాదు రాజ్యంలో కచేరీలలో, న్యాయస్థానాలలో వ్యవహారమంతా ఉర్దూలోనే సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. 1921 నవంబరులో మహర్షి కార్వే అధ్యక్షతన నగరంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. పత్రికల విషయానికి వస్తే, 1913లో మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ వెలువడింది. 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’, ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ వచ్చాయి. వీటిలో ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు.

వారానికి రెండుమార్లు

1926 మే 10న హైదరాబాదులో గోల్కొండ పత్రిక తొలి సంచిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. సురవరం సంపాదకుడు మాత్రమే కాదు, వ్యాసకర్త, కథకుడు, అవసరమైతే ప్రూఫులు దిద్దేవాడు కూడా. వెట్టిచాకిరి, అధికారుల లంచగొండితనం, బడుల లేమి, గ్రంథాలయాల అవసరం, బాల్య వివాహాలు ఇందులో చర్చకు వచ్చాయి. తాలూకా కచేరీలో ఉర్దూ కాగితం ముందు నోరు మెదపలేని రైతు సంగతి నగరంలో అచ్చయి మళ్లీ తాలూకాకే చేరేది. చదువు రానివారికి వచ్చినవారు చదివి వినిపించేవారు. ఒక ప్రతికి ఎందరు పాఠకులో లెక్క కట్టడం అందుకే కష్టం.

ఈ పత్రిక విలువ తెలియాలంటే 1929 నాటి ‘గస్తీ నిషాన్ 53’ను గుర్తు చేసుకోవాలి. రాజకీయ సభలు, సమావేశాలపై నిజాం ప్రభుత్వం విధించిన ఆంక్షల ఉత్తర్వు అది. సర్కారు ముందస్తు అనుమతి లేనిదే పదిమంది ఒకచోట చేరి ప్రజల సమస్య మాట్లాడడం దుస్సాధ్యమయింది. మాట్లాడే చోటు మూతపడినప్పుడు మిగిలింది కాగితమే. సభలో వినబడవలసిన వాదం, ప్రతివాదం, ఫిర్యాదు, తీర్మానం గోల్కొండ పుటలకెక్కాయి. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడిగా సురవరాన్నే ఎన్నుకోవడంలో అందుకే ఆశ్చర్యం లేదు.

కలం మీద కూడా కత్తి వేలాడింది. సంపాదకీయాలు ప్రచురించాలంటే ముందుగా అనుమతి పొందాలని ప్రభుత్వం ఆంక్ష పెట్టినప్పుడు ఆయన వాటి స్థానంలో ప్రపంచ మేధావుల సూక్తులను అచ్చువేశారని చరిత్రకారులు చెబుతారు. ఏ సూక్తి ఎవరికి తగులుతుందో పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు, సర్కారుకు తప్పుపట్టే సందూ లేదు. ఇది చమత్కారంగా కనబడినా ఆనాటి ప్రమాదం చిన్నది కాదు. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు ఇదే నగరంలో నడివీధిలో హత్య చేశారు.

నిందకు జవాబు

తెలంగాణలో కవులే లేరన్న ఒక విమర్శ సురవరాన్ని బాధించింది. ఖండన వ్యాసంతో ఊరుకోక ఊరూరికీ ఉత్తరాలు రాసి పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ వెలువడింది. విద్వద్గద్వాలగా పేరొందిన సంస్థానమున్న నేలకు కవులను చూపడం కష్టం కాదు గాని, పేరు తెలియని పల్లె కవులను సైతం వెదికి వారి వివరాలతో అచ్చువేయడమే ఈ సంచిక ఘనత. నిందను లెక్కతో, ఆధారంతో ఎదుర్కొనడం పత్రికా రచయిత పద్ధతి.

అయితే గోల్కొండ పత్రికకు పరిమితులు లేకపోలేదు. అది రాజ్యాన్ని కూలదోయాలని కోరిన పత్రిక కాదు, చట్టం గీసిన గీతల మధ్య నిలిచి సంస్కరణలు అడిగిన పత్రిక. భూమి ఎవరిదన్న ప్రశ్నను నేరుగా లేవనెత్తినది తరువాతి తరమే. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి మహాసభతో మితవాదులు, అతివాదుల దారులు వేరయ్యాయి. కాని ఆ అతివాదులు కూడా అంతకుముందు చాలాకాలం అదే మహాసభ వేదికపై ఎదిగినవారే.

రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తర్వాత సురవరం 1951లో ‘ప్రజావాణి’ అనే మరో పత్రికను స్థాపించారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. పాతికేళ్లు పత్రికలో అడిగిన ప్రశ్నలను శాసనసభలో అడిగే అధికారం లభించింది గాని కాలం కలిసిరాలేదు. 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు.

రాజుల వంశావళులను పక్కనపెట్టి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అని వెదికిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగు రచనకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం, అందుకొనడానికి రచయిత లేరు. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించింది. ఆయన పుట్టిన బోరవెల్లి 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో, ధరూర్ ఉన్న జిల్లాలోనే ఉంది.