కళ్లలో పడటం

“మీ పని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు మేడమ్. కాకపోతే కలుపుగోలుగా ఉండరని అందరూ అనుకుంటున్నారు. కాస్త నలుగురి కళ్లలో పడాలి.”

కొన్నేళ్ల కిందట నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో, పదోన్నతికి పేర్లు పంపేముందు నాకందిన సలహా ఇది. ఆ ‘అందరూ’ ఎవరో నాకు తెలుసు. సాయంత్రం కాలేజీ వదిలాక ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర గంటసేపు నిలబడేవాళ్లు. ఎవరు చురుకైనవాళ్లు, ఎవరిని ఏ కమిటీలో వెయ్యాలి అన్నవి అక్కడే తేలిపోయేవి. సరిగ్గా ఆ వేళకి నేను గజపతినగరం బస్సు కోసం పరుగెడుతూ ఉండేదాన్ని.

అదే గజపతినగరంలో నేను బడికెళ్లే రోజుల్లో మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి రోజూ ఒకటే మాట చెప్పేది: “తలొంచుకుని ఎల్లమ్మా. ఎవులి కళ్లలోనూ పడకు.” ఇరవై ఏళ్లపాటు కళ్లలో పడకుండా ఉండటం నేర్పిన సమాజమే, ఉద్యోగంలో చేరాక కళ్లలో పడలేదని మార్కులు తగ్గించింది.

సాహిత్య విద్యార్థిని కనుక నాకు ముందుగా మధురవాణి గుర్తొచ్చింది. మా జిల్లా నాటకమే కదా! 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. తన గురించి ఎవరు ఏమనుకోవాలో నిర్ణయించుకోవడం మధురవాణి వృత్తిలో భాగం. గిరీశం, రామప్పంతులు, లుబ్ధావధాన్లు – ఒక్కొక్కరి ముందు ఒక్కో మధురవాణి. అంత నేర్పరి కూడా సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లడానికి మగవేషం వేసుకోవాల్సి వచ్చింది. ఆయన నాచ్ వ్యతిరేకి, వేశ్యల మొహం చూడడు. లేని హత్యానేరంలో ఇరుక్కున్న ముసలివాణ్ణి కాపాడే నిజం ఆమె దగ్గరుంది. కానీ చెప్పే మనిషి రూపం మారితే తప్ప ఆ నిజం ఆ ఇంటి గడప దాటలేదు.

నాటకంలోని ఆ వేషం, చరిత్రలో ఒక డిగ్రీ కాగితం మీద కనబడుతుంది. 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలితకు పదిహేనేళ్లకే పెళ్లయింది. 1937లో భర్త చనిపోయేనాటికి ఆమె వయసు 18, ఒళ్లో నాలుగు నెలల కూతురు. చదువుకుంటానంది. రాత్రీపగలూ పిలుపులొచ్చే వైద్యం కాకుండా, బిడ్డ దగ్గరికి వేళకి చేరుకునే పని కావాలని ఇంజనీరింగ్ ఎంచుకుంది. గిండీ కాలేజీలో అంతవరకూ ఆడపిల్లలు లేరు. అక్కడే ప్రొఫెసరుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావు ప్రిన్సిపాలునీ, పై అధికారులనీ ఒప్పించాల్సి వచ్చింది. 1943లో ఆమె చదువు పూర్తిచేసినప్పుడు పట్టాలో అచ్చయి ఉన్న ‘హీ’ని కొట్టేసి ‘షీ’ అని దిద్దారు. ఆమె పాసయింది సరే, ఆమె లాంటి మనిషి పాసవగలదని ఆ ఫారం ఊహించలేదు.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ల మీద పనిచేశారు లలిత. భాక్రా నంగల్ వంటి పెద్ద ప్రాజెక్టుల్లో ఆమె శ్రమ ఉంది. లండన్‌లోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు ఆమె వ్యక్తిగత హోదాలోనే వెళ్లారు.

లలిత కథని ‘ప్రతిభ ఉంటే చాలు’ అనడానికి వాడుకోవడం నాకిష్టం లేదు. తలుపు దగ్గర ఆమె తరఫున మాట్లాడటానికి ఒక తండ్రి, ఆయన వెనక ఒక కులం, ఒక హోదా ఉన్నాయి. ఆ మాటసాయం లేని వాళ్ల సంగతేమిటి? 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం మేరకు ప్రాధాన్యమిస్తూ నిబంధన తెచ్చింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మాటసాయం లేని వాళ్లకు కూడా తలుపు తీసింది అలాంటి రాతే. అయితే లోపలికొచ్చాక ఎవరు ఎంత దూరం వెళ్లాలో మళ్లీ మాటే నిర్ణయిస్తోంది. మనలో దళిత స్త్రీలకి ఆ టీ బడ్డీ మరీ దూరం.

ఈ మాట గుట్టుగా ఉండటంలోనే దాని బలమంతా ఉంది. సరిహద్దు రహదారుల సంస్థలో దేవ్ దత్ అనే ఇంజనీరు రహస్య నివేదికలో ఒక ఏడాది ‘బాగుంది’ అని రాశారు. పదోన్నతికి ‘చాలా బాగుంది’ ఉండాలి. ఆయనకా సంగతి చెప్పలేదు, పదోన్నతీ రాలేదు. ప్రభుత్వోద్యోగి గురించి రాసిన ప్రతి వ్యాఖ్యనీ, మంచిదైనా చెడ్డదైనా, ఆ ఉద్యోగికి తెలపాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది. తెలిస్తేనే కదా జవాబు చెప్పుకోగలిగేది.

అందుకే మనల్ని మనం ‘చూపించుకోవడం’ ఎలాగో నేర్పే పాఠాలంటే నాకు అనుమానం. అవి చూసేవాడి కంటిని ఎప్పుడూ ప్రశ్నించవు. ఇంటిపనీ కాలేజీపనీ అయ్యాక, ఇతరుల అభిప్రాయాలకి అలికి ముగ్గులు పెట్టే మూడో పని కూడా మన నెత్తినే వేస్తాయి.

ఆ రోజు నేను ఒక్కటే అడిగాను: “ఈ ‘కలుపుగోలు’ సంగతి కాగితం మీద రాసిస్తారా?” రాసివ్వలేదు. ఆ ఏడు నా పేరు వెళ్లలేదు. తరవాత మేం ముగ్గురం ఆడవాళ్లం కలిసి ఒక అర్జీ పెట్టాం. కమిటీలు పనివేళల్లోనే కూర్చోవాలి, ఎవరేం చేశారో మినిట్స్ పుస్తకంలో రాయాలి అని. చాలా గొణుగుళ్ల మధ్య ఒప్పుకున్నారు. టీ బడ్డీ అక్కడే ఉంది. కాకపోతే పుస్తకం మొదటి పేజీలో మా ముగ్గురి సంతకాలు కూడా ఉన్నాయి.