న్యూపోర్టు మేడలు – మన కాంపులు

సముద్రం మనకు కొత్తది కాదు. మన మారిషస్ ద్వీపంలో ఏ మూల నుండి బయలుదేరినా ఒక పూటలోపల అలల ఒడ్డుకు చేరుతాము. అయినా అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రానికి చెందిన న్యూపోర్టు పట్టణానికి వెళ్ళి, అట్లాంటిక్ సముద్రపు గట్టున నిలిచిన మేడలను చూచినప్పుడు మాకు మన చెరకుతోటలే మరల మరల జ్ఞాపకం వచ్చాయి. అది ఎందుకో పాఠకులతో పంచుకొనుటకే ఈ వ్యాసం.

ఆ మేడలన్నిటిలో పెద్దది ‘ది బ్రేకర్స్’. ఒడ్డున విరిగిపడే అలలకు ఇంగ్లీషులో ఆ పేరు. దానిని కట్టించినవాడు రెండవ కొర్నీలియస్ వాండర్‌బిల్టు. ఈయన తాతగారు, మొదటి కొర్నీలియస్, చిన్న వయసులో న్యూయార్కు రేవులో పడవ నడిపి మనుషులను దాటించి కూలి సంపాదించినవాడు. తరువాత ఆవిరి ఓడలు, ఆ తరువాత రైలుమార్గాలు ఆయన చేతికి వచ్చాయి. 1877లో ఆయన మరణించునాటికి ఆస్తి సుమారు 10 కోట్ల డాలర్లు. ఆ సంపద మూడవ తరంలో ఈ మేడగా మారింది.

ఇదే చోట మొదట ఒక కొయ్య ఇల్లు ఉండేది. వాండర్‌బిల్టు దానిని 1885లో కొన్నాడు. 1892 నవంబరు 25న అది కాలిపోయింది. మళ్ళీ నిప్పు భయం లేకుండా రాతితో, ఇనుముతో కట్టమని రిచర్డ్ మోరిస్ హంట్ అనే వాస్తుశిల్పికి అప్పగించాడు. 1893లో మొదలై 1895లో పూర్తి అయింది. మొత్తం 70 గదులు. నడిమి చావడి ఎత్తు 45 అడుగులు. నిప్పు భయంతోనే ఆవిరి పొయ్యిని మేడకు దూరంగా, తోటలో నేల క్రింద పెట్టి, సొరంగం ద్వారా వేడిని తెచ్చారు. యజమాని స్నానపు తొట్టికి నాలుగు కుళాయిలు: మంచినీళ్ళు వేడివి, చల్లనివి, సముద్రపు నీళ్ళు వేడివి, చల్లనివి. ఆ తొట్టి ముందు నిలబడి, కాంపులో ఉన్న ఒకే ఒక ఉమ్మడి కుళాయి దగ్గర బిందెలు వరుసగా పెట్టిన మా నాయనమ్మను తలచుకొన్నాము.

ఇంత మేడలో వారు ఉండేది వేసవిలో కొద్ది వారాలు మాత్రమే. పైగా వీటిని వారు మేడ అని కూడ అనేవారు కాదు. ‘కాటేజీ’ అనేవారు, అంటే కుటీరం! యజమాని కూడ ఎంతోకాలం అనుభవించలేదు. 1896లో పక్షవాతం వచ్చింది. 1899లో 55 ఏళ్ళకే పోయాడు. ఖర్చు భరించలేని కాలం వచ్చినప్పుడు, చిన్న కూతురు గ్లాడిస్ 1948లో దీనిని ఏడాదికి ఒక డాలరు అద్దెకు న్యూపోర్టు కౌంటీ పరిరక్షణ సంఘానికి ఇచ్చి, ప్రజలు చూచే ఏర్పాటు చేయించింది. 1972లో ఆ సంఘమే కొన్నది. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ఎవరైనా ఆ చావడిలో నడువవచ్చును.

ఆ సంఘమే చూపించే మరొక మేడ ‘ది ఎల్మ్స్’. బొగ్గు వ్యాపారి ఎడ్వర్డ్ బెర్విండు దీనిని 1901లో పూర్తిచేశాడు. ఇక్కడ సేవకుల బ్రతుకును చూపేందుకు ప్రత్యేకంగా ఒక దారి ఉన్నది. సేవకుల మెట్లమీదుగా పైకి తీసుకొనిపోతారు. వారి గదులు పై అంతస్తులో, బయటినుండి కనబడకుండా కప్పుచుట్టు గోడచాటున ఉన్నాయి. నేల క్రింద బొగ్గు తెచ్చుటకు సొరంగం ఉన్నది. పని జరగాలి, పనివాడు కనబడరాదు! మన తోటలలో కూడ దొరగారి బంగళాకు పూలచెట్ల దారి వేరు, కాంపుకు పోయే మట్టిదారి వేరు.

మేడల వెనుక గట్టు వెంట మూడున్నర మైళ్ళ కాలిబాట ఉన్నది. దాని పక్కన సముద్రంలోకి దిగే ‘నలభై మెట్లు’ అనే చోట ఆనాటి సేవకులు తీరిక దొరికినప్పుడు చేరి పాటలు పాడి ఆడుకొనేవారట. దీపం వెలిగించి రామభజన చేసుకొన్న మనవారు అప్పుడు మా కళ్ళముందు కనిపించారు.

ఇక చక్కెర సంగతి. వాండర్‌బిల్టుల డబ్బు రైళ్ళది. కాని అంతకు నూరేళ్ళ ముందే న్యూపోర్టుకు డబ్బు తెచ్చినది చెరకు. కరీబియన్ దీవులలో బానిసలు పండించిన చెరకు మడ్డి ఇక్కడికి వచ్చేది. దానితో రమ్ము కాచేవారు. ఆ రమ్మును ఆఫ్రికా తీరానికి పంపి, దానికి బదులు మనుషులను కొనేవారు. 1709 నుండి 1807 వరకు రోడ్ ఐలండు వర్తకులు 900కు పైగా ఓడప్రయాణాలు చేయించి లక్షమందికి పైగా ఆఫ్రికనులను బానిసత్వానికి తరలించారు. మన ద్వీపంలో బానిసత్వం 1835లో రద్దయింది. చెరకు మాత్రం ఆగలేదు. దానికోసమే 1834 నుండి మనవారిని ఓడలెక్కించారు. మగవానికి నెలకు 5 రూపాయలు, కొంత తిండి. ఒక రోజు పని మానితే రెండు రోజుల కూలి కోత. బ్రేకర్స్ మేడ తలుపులు తెరిచిన 1895లో కూడ ఆ ఒప్పందకూలీ పద్ధతి సాగుతూనే ఉన్నది.

న్యూపోర్టులో మేము చివరగా చూచినది మేడ కాదు, శ్మశానం. ఊరి పాత శ్మశానంలో ఆఫ్రికనుల భాగం ఒకటి ఉన్నది. దాని పేరు ‘గాడ్స్ లిటిల్ ఏకర్’. అక్కడ కఫీ గిబ్స్ అనే వ్యక్తి రాయి ఉన్నది. ఆయన మరణించినది 1768లో. ఆ రాయి చెక్కినవాడు ఆయన సోదరుడు పాంపే స్టీవెన్స్. రాళ్ళు చెక్కే దుకాణంలో పనిచేసిన బానిస ఆయన. ఈ రాయి చెక్కినది తానేనని, తన సోదరుని జ్ఞాపకార్థం చెక్కానని రాతిమీదనే వ్రాసుకొన్నాడు. తనది అని చెప్పుకొనుటకు ఏమీ లేని మనిషి రెండు పేర్లను నిలబెట్టాడు. 70 గదులు చూచినప్పుడు తడవని మా కళ్ళు అక్కడ తడిశాయి.

పాఠకులారా! మన దేశంలో కూడ దొరల భవనాలు భద్రంగానే ఉన్నాయి. 1859 నాటి లాబుర్దొనే భవనాన్ని 2010 నుండి జనం చూస్తున్నారు. అది మంచిదే. మనవారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. అది మరీ మంచిది. కాని మన కాంపుల వరుస ఇళ్ళు ఎక్కడ? కొరంగి రేవు పేరుతో మనలను ‘కొరంగీలు’ అన్నారు. గుమాస్తాలు వ్రాసిన పుస్తకాలలో అప్పన్న, సన్యాసి అనే తండ్రుల పేర్లే పిల్లలకు ఇంటిపేర్లయ్యాయి. అసలు ఇంటిపేర్లు జారిపోయాయి.

ఆ పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఓడ పేరు, తండ్రి పేరు, ఊరు అక్కడ వెదకవచ్చును. బడిపిల్లలకు మేము చెప్పే మాట ఒకటే: ముందు ఇంట్లోని పెద్దలను అడగండి, తరువాత అక్కడికి వెళ్ళండి, దొరికిన పేరును తెలుగులో వ్రాసి ఇంట్లో పెట్టండి. పాత కొడవలి, ఇత్తడి చెంబు, భజన పుస్తకం పారవేయకండి. మేడలను కాపాడుటకు ధనం కావాలి. పేరును కాపాడుటకు ఒక కాగితం, ఒక కలం చాలును. పాంపే స్టీవెన్స్‌కు ఒక ఉలి చాలినది.