గడ్డకు కాలువ తవ్వేదెవరు?

మా అక్కయ్యకు పెద్దపేగు క్యాన్సర్ ముదిరినప్పుడు డాక్టరుగారు ఒక మందు రాసి, "ఇది గడ్డను నేరుగా చంపదమ్మా, దానికి నెత్తురు అందకుండా చూస్తుంది" అన్నారు. జమాఖర్చులు తప్ప సైన్సు చదవని నాకు ఆ మాట వింతగా తోచింది. ఈ ఆలోచన ఎవరిదో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను.

1960ల మొదట్లో అమెరికా నౌకాదళంలో పనిచేస్తున్న జూడా ఫోక్‌మన్ అనే యువ సర్జన్, ఫ్రెడరిక్ బెకర్‌తో కలిసి ఒక ప్రయోగం చేశాడు. కుందేలు థైరాయిడ్ గ్రంథిని బయటకు తీసి, ద్రవం పారిస్తూ బతికించి, అందులో క్యాన్సర్ కణాలు నాటారు. అవి ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా పెరిగి ఆగిపోయాయి. వాటినే బతికున్న ఎలుకల్లో పెడితే పెద్ద గడ్డలయ్యాయి. తేడా ఒక్కటే. ఎలుకల్లో గడ్డలోకి కొత్త రక్తనాళాలు వచ్చాయి, గ్రంథిలో రాలేదు.

ఫోక్‌మన్ తరువాత బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో చేరాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి, సిడ్నీ ఫార్బర్ 1948లో ఫలితాలు ప్రకటించింది ఆ ఆసుపత్రి నుంచే. అక్కడి నుంచే 1971లో ఫోక్‌మన్ తన సిద్ధాంతం ప్రకటించాడు. గడ్డ ఏదో పదార్థాన్ని వదిలి నాళాలను తనవైపు రప్పించుకుంటుంది, ఆ దారి మూస్తే గడ్డ పెరగదు అన్నాడు.

చాలామంది నమ్మలేదు. గడ్డ చుట్టూ కనిపించే నాళాలు వాపు వల్ల వచ్చినవేనన్నారు. వాపు అంటే రోగనిరోధక కణాలు చేరడమే. గడ్డల్లో తెల్లకణాలు ఉంటాయని జర్మనీలో విర్కోవ్ 1863లోనే గమనించాడు.

నాళాలను పెంచే ముఖ్య పదార్థాన్ని 1989లో నపొలియోనె ఫెరారా బృందం గుర్తించి వి.ఇ.జి.ఎఫ్. అని పేరుపెట్టింది. ఫోక్‌మన్ మాట నిలిచింది. అయితే ఎదుటివారి మాటా పూర్తిగా వీగిపోలేదు. గడ్డల్లోని మాక్రోఫేజులనే తెల్లకణాలు కూడా నాళాలను పెంచుతాయని 1984లోనే పోల్వెరీని, లైబోవిచ్ చూపారు. ఇవి గాయం మాన్పడానికి మన ఒంట్లో ఉన్న కాపలాదారులే. గడ్డను గాయమనుకుని దానికీ కాలువ తవ్విపెడుతున్నాయన్నమాట! ఈ కణాలను రప్పించే ఒక ప్రోటీన్ లేని ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చినా, ముదరడం నెమ్మదించిందని 2001లో జెఫ్రీ పొలార్డ్ బృందం తేల్చింది.

వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌లో మధ్యస్థ ఆయుర్దాయం 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. ఫోక్‌మన్ 2008లో కన్నుమూశాడు. 2020లో ఇదే మందును, రోగనిరోధక కణాలకు పడిన కళ్లెం విప్పే అటెజోలిజుమాబ్‌తో కలిపి కాలేయ క్యాన్సర్‌కు అనుమతించారు. ఒకప్పుడు వాదులాడుకున్న రెండు ఆలోచనలూ ఒకే చికిత్సలో కలిశాయి.

లెక్కకు అయిదు నెలలైనా నిండని లాభం. కానీ డాక్టరుగారు చెప్పిన గడువు దాటాక మా ఇంట్లో మనవడికి అక్షరాభ్యాసం జరిగింది. తెలుగు బడి లేని ఈ ఊళ్లో వాడి చేయి పట్టుకుని, పళ్లెంలోని బియ్యంలో 'అ' దిద్దించింది అక్కయ్యే. అది మందు వల్లనేనని నేను చెప్పలేను. ఆ పద్దును మాత్రం ఏ ఖాతాలోనూ కొట్టివేయలేను.