నీరెండలో పరుగెత్తే కుక్కను ఫొటో తీయడం ఎలా?

అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో కుక్క ఇప్పుడు ఇంటి మనిషే. పిల్లలు పట్టుబట్టి తెచ్చుకున్న లాబ్రడార్ పప్పీ, వాళ్లు కాలేజీకి వెళ్లే నాటికి ముసలిదైపోతుంది. దాని సగటు ఆయుష్షు పన్నెండేళ్ల దరిదాపుల్లోనే. ఫోన్ నిండా అది పడుకున్న ఫొటోలు, కూర్చున్న ఫొటోలు ఉంటాయి. హుషారుగా పరుగెత్తే ఫొటో మాత్రం ఒక్కటీ స్పష్టంగా ఉండదు. ఖరీదైన కెమెరా లేకపోవడం దీనికి కారణం కాదు. తక్కువ వెలుతురులో షట్టర్ నెమ్మదించడమే అసలు కారణం.

వెలుతురు ఎప్పుడు బాగుంటుంది?

మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ల కింద, మెడ కింద నల్లటి నీడలు పడతాయి. సూర్యోదయం తర్వాత గంట, సూర్యాస్తమయానికి ముందు గంట నీరెండ ఉంటుంది. మబ్బు పట్టిన రోజైతే పగలంతా పనికొస్తుంది. బే ఏరియా వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఫ్రీమాంట్, శాన్ హోసేల్లో ఎండ మండుతున్నా, శాన్ ఫ్రాన్సిస్కో సముద్రతీరాన్ని తరచూ పొగమంచు కప్పేస్తుంది. కుక్కలతో వచ్చేవాళ్లు ఎక్కువగా ఉండే ఫోర్ట్ ఫన్‌స్టన్‌లో ఆ వేళ నీడలు దాదాపు ఉండవు.

ముందు షట్టర్ స్పీడ్

కెమెరాను షట్టర్ ప్రయారిటీలో గానీ, మాన్యువల్‌లో గానీ పెట్టి, ఐఎస్ఓను ఆటోకు వదిలేయండి.

• నడిచే కుక్కకు: 1/500 సెకను
• పక్కగా పరుగెత్తే కుక్కకు: 1/1000
• మీవైపు దూసుకొచ్చే కుక్కకు, బంతికోసం ఎగిరే కుక్కకు: 1/1600 నుంచి 1/2000

మబ్బు రోజున ఎఫ్/2.8 లెన్స్‌తో 1/1000కి ఐఎస్ఓ 200 నుంచి 400 చాలు. కిట్ లెన్స్‌తో ఎఫ్/5.6 వద్ద అదే వెలుతురుకు 800 నుంచి 1600 కావాలి. సూర్యుడు దిగాక ఇంకా పెరుగుతుంది. చాలామంది ఇక్కడే భయపడి షట్టర్ తగ్గిస్తారు. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. వాటిని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన మొహాన్ని మాత్రం బాగుచేయడం కష్టం.

ఫోకస్, ఎత్తు

సోనీ, నికాన్‌లలో ఏఎఫ్-సి, కెనాన్‌లో సర్వో మోడ్ పెట్టండి. జంతువుల కళ్లను గుర్తించే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. బర్స్ట్ తప్పనిసరి. నిలబడి తీస్తే నేల, వీపు మాత్రమే కనిపిస్తాయి. మోకాళ్లమీద కూర్చుని, కెమెరాను కుక్క కళ్ల ఎత్తుకు దించండి.

ఏ క్షణం కోసం చూడాలి?

1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్, పాలో ఆల్టోలో ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉన్న నేల మీదే, పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో ఫొటోలు తీశారు. ఒక క్షణంలో నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయని రుజువైంది. గుర్రం కాళ్లు ముడుచుకున్నప్పుడే అలా జరుగుతుంది. వేగంగా పరుగెత్తే కుక్క ఒక్కో అంగలో రెండుసార్లు గాల్లో ఉంటుంది: ఒకసారి కాళ్లు ముడుచుకుని, ఇంకోసారి బార్లా చాచి. చాచిన క్షణం ఫొటోలో బాగా పండుతుంది. బర్స్ట్ అవసరం అందుకే.

నల్ల కుక్క, తెల్ల కుక్క

ఫ్రేము నిండా నల్ల లాబ్రడార్ ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగుగా చూపించబోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ −0.7 చేయండి. తెల్ల కుక్కకు +0.7. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఏ రంగు కుక్కయినా నల్లబడిపోతుంది, కాబట్టి +1 దాకా పెంచండి.

ఫోన్‌తో అయితే

పోర్ట్రెయిట్ మోడ్, నైట్ మోడ్ వద్దు. జూమ్ చేయకుండా 1x లెన్స్ వాడి, కుక్కనే దగ్గరికి రానివ్వండి. ఐఫోన్‌ను నిలువుగా పట్టుకుని షట్టర్ బటన్‌ను ఎడమవైపు లాగి పట్టుకుంటే బర్స్ట్ మొదలవుతుంది. ప్రో మోడ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో షట్టర్ స్పీడ్ మీరే పెట్టుకోవచ్చు.

ముందు కుక్క, తర్వాతే ఫొటో

బంతి విసిరే పని ఇంకొకరికి అప్పగించండి. వాళ్లు కుక్కను పట్టుకుని ఉంటే, మీరు ముప్పై అడుగుల దూరంలో కూర్చుని పేరు పెట్టి పిలవండి. ఇష్టమైన మనిషి దగ్గరికి వచ్చే పరుగులో ఉండే మొహం బంతి కోసం వెళ్లేటప్పుడు ఉండదు. పిలిస్తే రాని కుక్కను లీష్ విప్పకండి. ఫోర్ట్ ఫన్‌స్టన్‌లో కొండచరియల అంచుకు దూరంగా ఉండండి, బంతిని అటువైపు విసరకండి. నాలుగైదు పరుగులయ్యాక నీళ్లు పట్టి విశ్రాంతి ఇవ్వండి. వయసైన కుక్కకు రెండు పరుగులు చాలు. అదీ వద్దనుకుంటే వదిలేయండి. నీరెండలో దాని నడక ఫొటో కూడా బాగుంటుంది.

సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. పిలిచేది వాళ్లైతే పరుగు ఇంకా బాగుంటుంది.