చెడుగుడులో కాలి పట్టు

కబడ్డీలో డిఫెండర్‌కు ముందుగా అందేది రైడర్ కాలే. కూత పెడుతూ వచ్చినవాడు బోనస్ గీత కోసం కాలు చాస్తాడు, బొటనవేలితో తాకబోతాడు, వెనుదిరిగి మడమతో తంతాడు. మూలన వంగి కాచుకున్న కార్నర్ ఆటగాడికి కావలసింది ఆ క్షణమే. రెండు చేతులతో చీలమండ బిగించి, కాలిని ఒంటికి అదుముకుని, మధ్యగీత అందకుండా వెనక్కి గుంజుతాడు. పట్టు కాస్త పైకి జారితే అది తొడ పట్టు. ఈలోగా మిగతావాళ్లు నడుముపై, భుజాలపై పడతారు. కూత ఆగిందంటే రైడర్ ఔట్.

బయ్యారం చుట్టుపక్కల, పాత వరంగల్, ఖమ్మం జిల్లాల పల్లెల్లో కబడ్డీని చెడుగుడు అంటారు. ఊరి ఆటకు మట్టి నేల, ముగ్గుతో గీసిన గీతలు చాలు. ఏ పట్టు ఒప్పు, ఏది తప్పు అనేది పెద్దమనిషి నోటి మాట. పోటీ ఊరు దాటితే ఆ మాట చెల్లదు, రాసిన రూలు కావాలి. 1920లలో మహారాష్ట్రలోని వ్యాయామశాలలు ఆ పనికి పూనుకున్నాయి. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడి నియమాలను దేశమంతటికీ ఒక్కటి చేసింది.

ఆ నియమాల్లో కాలి పట్టుకు ఒక హద్దు ఉంది. రైడర్‌ని కాళ్లు చేతులు, మొండెం దగ్గరే పట్టాలి. నోరు మూయడం, గొంతు నొక్కడం ఫౌల్. డిఫెండర్ తన రెండు కాళ్ల మధ్య రైడర్‌ని బిగించే కత్తెర పట్టూ ఫౌలే. చేత్తో పట్టినవాడు ప్రమాదం కనబడితే వదిలేయగలడు. కత్తెరలో ఒంటి బరువంతా మోకాలిపై పడ్డాక వదలడం అతని చేతిలో ఉండదు. రూలు వెనుక న్యాయం అదేననిపిస్తుంది.

కాళ్లపై దాడి ఎంతవరకు చెల్లుతుందన్న తగవు అమెరికన్ ఫుట్‌బాల్‌లో మరోలా తేలింది. అక్కడ బంతి చేతిలో లేనివాడిని కూడా దారికి అడ్డు తొలగించేందుకు ఢీకొట్టవచ్చు. ఒకడు పైన అడ్డుకుని ఉండగా మరొకడు అతని తొడలపైనో అంతకన్నా కిందో దెబ్బతీయడం చాప్ బ్లాక్. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2016లో దీన్ని పూర్తిగా నిషేధించింది. నడుము కింది అడ్డగింతలకు 2021లో మరిన్ని హద్దులు పెట్టింది.

విచిత్రమేమంటే, ఒకడు చీలమండ పట్టగా ఇంకొకడు పైన పడటం కబడ్డీలో నేరం కాదు, నేర్పు. అయితే ఇక్కడ రైడర్ ఎదుటివాళ్లను చూస్తూనే వస్తాడు, పరుగు దూరం తక్కువ, తనను పట్టుకుంటారని అతనికి తెలుసు. అయినా మోకాలి గాయాలు ఈ ఆటకు కొత్త కాదు కనుక, నియమం మెతకగా ఉందన్న విమర్శను తోసిపుచ్చలేం.

2014లో ప్రో కబడ్డీ, అందులో తెలుగు టైటాన్స్ జట్టు వచ్చాక యాంకిల్ హోల్డ్, థై హోల్డ్ అనే పేర్లు టీవీ వ్యాఖ్యానంలో మామూలయ్యాయి. పేర్లు మారినా ఆ రెండూ నేటికీ చెల్లే పట్టులే. ఫౌల్ చేసినవాడికి మొదట ఆకుపచ్చ కార్డు, ముదిరితే రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే పసుపు కార్డు, మరీ మితిమీరితే ఎర్ర కార్డు.