ఒక వ్రతము, మేకపాలు

శాకాహారమనగానే మనకు ముందుగా స్ఫురించునది విస్తరి. అందు మాంసము లేదు, చేప లేదు, గ్రుడ్డు లేదు. కనుక హింస లేదని నిశ్చింతగా భుజించి, తుదకు పెరుగన్నము తిని చేయి కడుగుకొందుము. అయితే ఆ విస్తరి ముందు కూర్చున్న గృహస్థు మడికి కట్టుకొన్నది పట్టుపంచె. ఆ పట్టుదారమును తీయుటకు పురుగును గూటితోపాటు ఉడుకునీటిలో వేయుదురు. వాకిట విడిచిన చెప్పులు తోలువి. సాయంకాలము రేడియోలో వినవచ్చు మృదంగమునకు ఇరుప్రక్కల నున్నది చర్మమే. ఈ మాట రేడియో కేంద్రమున పనిచేయు మేమే చెప్పుట వింతగా తోచవచ్చును గాని, మా స్టూడియోలోని మృదంగము అందుకు మినహాయింపు కాదు. ఇక ఆ పెరుగు మాట. దూడకు చెందవలసిన పాలు మన గిన్నెలోనికి ఏ విధముగా వచ్చినవను ప్రశ్నను వేసికొనువారు మన ఇండ్లలో అరుదు.

తన ఇంటిలో మిగిలియున్న హింసను లెక్కకట్టి నలుగురికి తెలియజేయుట మన దేశమునకు క్రొత్త కాదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని కలవు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దికి చెందిన ఆ ధర్మశాసనములలో మొదటిది రాజుగారి వంటయింటిని గూర్చి చెప్పును. పూర్వము దినమునకు లక్షల కొలది ప్రాణులు కూరకై చంపబడుచుండెననియు, శాసనము వ్రాయించు నాటికి మూడు మాత్రమే చంపబడుచున్నవనియు, అవి రెండు నెమళ్లు, ఒక లేడి యనియు, ఆ లేడియైనను నిత్యము కాదనియు, ఇకముందు ఈ మూడును చంపబడవనియు దాని తాత్పర్యము. మానివేసితిమని ఒక్క మాట చెక్కించి ఊరకుండవచ్చును. చక్రవర్తి అట్లు చేయక, మిగిలిన నెమళ్లను, లేడిని కూడ లెక్క చూపెను. ఆ శాసనములో మాకు మిక్కిలి నచ్చినది ఈ లెక్కయే.

అట్టి లెక్కనే తన శరీరమును గూర్చి వ్రాసిపెట్టిన మహాపురుషుడు మనకు మిక్కిలి సమీపకాలమున నుండెను. గాంధీజీ ఆహారప్రయోగములను గూర్చి విననివారు లేరు. కాని ఆ ప్రయోగముల నడుమ పాలను గూర్చిన కథ యొకటి కలదు. దానిని ఆరంభమునుండి చెప్పుకొనిన గాని అందలి చిక్కు తెలియదు.

1888లో గాంధీజీ న్యాయశాస్త్రము చదువుటకు ఇంగ్లండుకు పయనమైరి. బయలుదేరుటకు ముందు, బేచర్జీ స్వామి యను జైన సాధువు చేయించగా, తల్లి పుత్లీబాయి ఎదుట మూడు వ్రతములు పట్టిరి. వానిలో ఒకటి మాంసమును ముట్టననుట. లండనులో ఆ వ్రతము ఆయనను అర్ధాకలితో మాడ్చెను. ఉడికించిన దుంపలు, రొట్టె ముక్కలు తిని, శాకాహార భోజనశాలకై దినమునకు పది పండ్రెండు మైళ్లు తిరుగుచు, తుదకు ఫారింగ్డన్ వీథిలో ఒకదానిని కనుగొనిరి. ఆ భోజనశాల ద్వారము కడ గాజు కిటికీలో అమ్మకమునకుంచిన పుస్తకములలో హెన్రీ సాల్ట్ వ్రాసిన శాకాహార సమర్థన గ్రంథమొకటి ఉండెను. ఒక షిల్లింగు నిచ్చి దానిని కొని, ఆమూలాగ్రముగ చదివిరి. అంతవరకు మాటకు కట్టుబడి మాంసము మానినవారు, నాటినుండి తమ బుద్ధిచే మానిరి.

మాంసమనగా నేమి? ఇంగ్లండులో ఆయనకు మూడు నిర్వచనములు తటస్థపడినవి. పశుపక్ష్యాదుల మాంసమే మాంసమనువారు చేపలను, గ్రుడ్లను తినుచుండిరి. సకలప్రాణుల మాంసము కూడదనువారు గ్రుడ్లను తినుచుండిరి. ప్రాణుల మాంసమేగాక, వానినుండి వచ్చు గ్రుడ్లు, పాలు సైతము కూడవనుట మూడవది. మొదటి నిర్వచనమును పట్టుకొనినచో ఆకలి బాధ తీరును; మెత్తని నిర్వచనము చేతికి దొరికి యుండెను. కొన్నాళ్లు గ్రుడ్లు తినియు చూచిరి. కాని తల్లి దృష్టిలో గ్రుడ్డు మాంసమే. వ్రతమును ఇప్పించినవారు ఏ అర్థమున ఇప్పించిరో ఆ అర్థమే పట్టినవానిని బంధించుననియు, ఒక మాటకు రెండర్థములు వచ్చునపుడు బలహీనమైన పక్షమునకు అనుకూలించు అర్థమునే గ్రహింపవలెననియు ఆయన నిశ్చయించుకొనిరి. గ్రుడ్లు మానిరి. తీపివంటలలో, కేకులలో గ్రుడ్డు కలిసియుండునేమోయని వడ్డించువారిని అడిగి తెలిసికొనుట ఆరంభించిరి. ఇరువదేండ్ల యువకుడు పరదేశమున ప్రతిపూట ఇట్లడుగుట ఎంత సంకోచకరమో, బంధువుల ఇండ్లలో ఉల్లి లేని వంటకై అడిగెడివారు చక్కగా ఎఱుగుదురు.

పాల సంగతి ఇరువదేండ్లకు పైగా గడచిన పిమ్మట వచ్చెను. 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రమున గాంధీజీయు, మిత్రుడు కాలెన్‌బాక్ దొరయు కలిసి పాలను విసర్జించిరి. పాలు బ్రహ్మచర్యమునకు ఆటంకమను భావము ఒక కారణము. రెండవది కలకత్తానుండి వచ్చిన సమాచారము. అచ్చటి పాలవ్యాపారులు ఆవులు, గేదెలు బాగుగా చేపుటకై వాని జననావయవములోనికి గొట్టముతో గాలి ఊదుచుండిరి. దానిని ఫూకా యందురు. స్వతంత్ర భారతమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము దానిని పేరుపెట్టి నిషేధించినదనగా ఆ దురాచారము ఎంత కాలము సాగెనో ఊహింపవచ్చును. పాలు మానిన తరువాత గాంధీజీ ఆహారము వేరుసెనగపప్పు, అరటిపండ్లు, ఖర్జూరములు, నిమ్మపండ్లు, ఆలివ్ నూనె.

ఈ వ్రతమునకు మొదటి పరీక్ష 1914లో లండనులో కలిగెను. ఊపిరితిత్తుల పొర వాచి మంచమునబడిన గాంధీజీని పాలు త్రాగుమని వైద్యులు చెప్పిరి. గోఖలే అంతటివారు బ్రతిమాలిరి. ఆలోచించుకొనుటకు ఒక దినము గడువడిగి, పాలు మాత్రము వలదనిరి. రెండవ పరీక్ష 1918లో వచ్చెను. ఖేడా జిల్లాలో యుద్ధమునకు సైనికులను చేర్చుచు ఊరూర తిరుగునపుడు వేరుసెనగ ముద్దయు, నిమ్మరసముతో గడపిరి. జిగట విరేచనములు పట్టుకొని, అస్థిపంజరమైరి. ఔషధము వలదు, పాలు వలదు, మజ్జిగయు వలదు. మరణము ఆసన్నమైనదనియే ఆయన తలంచిరి.

1919 ఆరంభమున బొంబాయిలో డాక్టరు దలాల్ ఆయనను పరీక్షించి, పాలు త్రాగినగాని ఈ శరీరమును తిరిగి నిలుపజాలనని స్పష్టముగా చెప్పెను. గాంధీజీ తమ వ్రతమును తెలిపి, ఆవులకు, గేదెలకు జరుగు ఫూకాను వివరించిరి. మంచము కడ నిలిచి వినుచుండిన కస్తూరిబా అందుకొని, అట్లయినచో మేకపాలకు ఆక్షేపణ యుండరాదుగదా యనిరి. డాక్టరు వెంటనే ఆ మాటను పట్టుకొని, మేకపాలైనను చాలుననెను. గాంధీజీ లొంగిరి.

కస్తూరిబాను తప్పుపట్టువారు కొందఱుందురు. వారు ఆమె కథను పూర్తిగా ఎఱుగరు. దక్షిణాఫ్రికాలో ఆమెకు శస్త్రచికిత్స జరిగి మిక్కిలి నీరసించియున్నపుడు, డర్బనులోని వైద్యుడు గోమాంసరసము నీయవలెనని పట్టుపట్టగా, ప్రాణము పోయినను దానిని ముట్టనని తిరస్కరించి, వాన కురియుచుండగా ఫీనిక్స్ ఆశ్రమమునకు తరలిపోయిన ఇల్లాలు ఆమె. ఆమె దృష్టిలో మాంసము మాంసమే, పాలు పాలే. మన అమ్మమ్మలందఱి దృష్టియు అదియే. భర్త ప్రాణమును నిలుపుటకు వ్రతములో ఒక సందు దొరకినది. ఆమె దానిని చూపినది.

చిక్కంతయు గాంధీజీది. వ్రతము పట్టునపుడు తమ మనస్సులో ఆవు, గేదె మాత్రమే యుండుట నిజమైనను, దాని సహజార్థము సకలజంతువుల పాలను మానుటయే యని ఆయన ఆత్మకథలో ఒప్పుకొనిరి. అక్షరమును కాపాడి వ్రతాత్మను చంపితినని బాధపడిరి. సత్యోపాసకుడనని చెప్పుకొను తమకు ఇది మచ్చయనిరి. ఎందుకు లొంగిరన్న ప్రశ్నకును దాపరికము లేని సమాధానమిచ్చిరి: రౌలట్ బిల్లుపై సత్యాగ్రహము నడుపవలెనను ఆతురతచే బ్రదుకవలెనను కోరిక పుట్టెను. ఆ సత్యాగ్రహము ఆ సంవత్సరమే ఏప్రిల్ 6వ తేదీన దేశవ్యాప్తమైన హర్తాళుగా ఆరంభమయ్యెను.

మాకు ఇచ్చట ఒకటి తోచుచున్నది. లండనులో గ్రుడ్డును గూర్చి మెత్తని అర్థమును త్రోసిపుచ్చిన యువకుడే, దాదాపు ఏబదియవ ఏట మేకను గూర్చి మెత్తని అర్థమును స్వీకరించెను. మొదటి వ్రతము తల్లికి ఇచ్చినది. రెండవది తమకు తామే ఇచ్చుకొన్నది. ఏ అర్థమున ఇప్పించిరని అడుగుటకు ఎదుట మఱొకరు లేరు. అయినను బలహీన పక్షమునకు అనుకూలముగా చూడవలెనను రెండవ సూత్రము మిగిలియే యున్నది. ఈ వ్రతమున బలహీన పక్షము మేకయే గదా! మేకను గూర్చి ఆనాడు ఆ గదిలో ఎవ్వరును మాటాడినట్లు కనబడదు. ఇందుకై మేము మహాత్ముని తగ్గించి చూపుటలేదు. ఆయనయే వ్రాసిపెట్టి యుండనిచో ఈ ప్రశ్న మనకు పుట్టియే యుండదు.

మేకపాలనుండి విడుదల పొందుటకు ఆయన మరల యత్నింపకపోలేదు. అందులో మన ఆంధ్రదేశమునకును కొంత పాత్ర కలదు. 1929లో ఖద్దరు నిధికై ఆంధ్రమున పర్యటించునపుడు, ప్రకృతి చికిత్స చేయు సుందరం గోపాలరావు అను రాజమహేంద్రవరపు పెద్దమనిషి వండని ఆహారపు గుణమును గూర్చి గాంధీజీకి బోధించిరి. ఆయన ఆశ్రమవాసులు కొందఱితో కలిసి మొలకెత్తిన గింజలు, పచ్చి కూరలు, కొబ్బరితో ప్రయోగమారంభించిరి. కొన్ని మాసములకే మరల జిగట విరేచనములు వచ్చి, మేకపెరుగునకు దిగవలసివచ్చెను. 1931 నవంబరులో లండను శాకాహార సంఘమున ఉపన్యసించునపుడు, పాలు లేక గడపిన ఏండ్లను, ఓటమిని కూడ సభలో చెప్పిరి. ఆ వేదికపై వారి ప్రక్కన వృద్ధుడైన సాల్ట్ ఆసీనుడై యుండెను.

పాలను విడువలేని గాంధీజీ తోలు విషయమున మఱొక మార్గమును త్రొక్కిరి. చంపబడిన పశువు తోలు వలదు. తనంతట తాను చచ్చిన పశువు తోలును ఊరకపోనీయరాదు. వార్ధా సమీపమున నాల్వాడీలో చచ్చిన పశువుల చర్మమును పదను చేయు కర్మాగారము వెలసెను. 1941లో ఏర్పడిన గోసేవా సంఘమున చేరువారు, ఆవుపాలు, ఆవునేయి, చచ్చిన పశువుల తోలు మాత్రమే వాడుదుమని ప్రతిజ్ఞ చేయవలెను. వస్తువును విడుచుట కాదు, అది వచ్చు త్రోవను మార్చుట వారి పద్ధతి.

విడుచుటయే పద్ధతిగా గలవారు ఇంగ్లండులో బయలుదేరిరి. అచ్చట శాకాహార సంఘము 1847లోనే పుట్టినది. 1851 నాటికే తోలుకు బదులు చెప్పులకేమి వాడవచ్చునని వారి పత్రికలో చర్చ వచ్చినది. అయినను పాలు, గ్రుడ్లు సంఘ భోజనమున నిలిచియే యుండెను. 1944 నవంబరులో డొనాల్డ్ వాట్సన్ అను వడ్రంగపు పని నేర్పు ఉపాధ్యాయుడు కొద్దిమంది మిత్రులతో కూడి వేరొక సంఘమును స్థాపించెను. బాల్యమున పినతండ్రి పొలములో పందిని చంపగా చూచినది ఆయన మనస్సున నాటియుండెను. వెజిటేరియన్ అను మాట మొదటి మూడు, తుది రెండు అక్షరములను ఆంగ్లమున కలిపి, వీగన్ అను పేరు కట్టిరి. పాలు, గ్రుడ్లు, తేనె, ఉన్ని, పట్టు, తోలు అన్నియు వారు విడిచెడి జాబితాలో చేరినవి.

వారికిని గాంధీజీకి ఎదురైన ఆటంకమే ఎదురయ్యెను. పాలకు సమానమైన వృక్షజన్య పదార్థమును కనిపెట్టుడని గాంధీజీ వైద్యులను పలుమార్లు వేడియుండిరి. ఆయన పరమపదించిన 1948 సంవత్సరమందే శాస్త్రజ్ఞులు బి12 విటమినును వేరుచేసిరి. పాలలో, గ్రుడ్లలో, మాంసములో ఉండు ఆ విటమిను మొక్కలలో నమ్మదగినంతగా లభింపదు. దానిని తయారుచేయునవి సూక్ష్మజీవులు. నేడు సూక్ష్మజీవుల సహాయముననే దానిని మాత్రలుగా చేయుచున్నారు. పాలను పూర్తిగా మానదలచిన మన పాఠకులు ఈ ఒక్క సంగతిని మఱువక, వైద్యుని సలహా గొనుట మేలు.

ఈ భేదము నేడు మన దేశపు చట్టములో కూడ చేరినది. ఆకుపచ్చ చుక్క గల పొట్లములో పాలు, తేనె ఉండవచ్చును, గ్రుడ్డు ఉండరాదు. పాలు, తేనె సైతము లేని వీగన్ ఆహారములకు 2022లో వేఱు నిబంధనలును, వేఱు గుర్తును ఏర్పడినవి. ఒకప్పుడు లండను భోజనశాలలో గాంధీజీ వడ్డించువారిని అడిగి తెలిసికొన్నది నేడు పొట్లముపై అచ్చై వచ్చుచున్నది.

పట్టు మాట మిగిలినది. ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంఘమున పనిచేసిన కుసుమ రాజయ్యను, రాష్ట్రపతి వెంకట్రామన్‌గారి సతీమణి జానకి, పురుగును చంపకుండ నేసిన పట్టుచీర దొరకునా యని అడిగిరట. ఆ ప్రశ్నను పట్టుకొని ఆయన చిలుక గూటిని చీల్చుకొని ఎగిరిపోయిన తరువాతనే నూలు తీయు పద్ధతిని సాధించి, దానికి పేటెంటును కూడ పొందిరి. గూడు చీలుటచే దారము తెగును. దానిని పత్తివలె వడకవలెను. కనుక శ్రమ ఎక్కువ, ధర ఎక్కువ, నిగనిగ కొంత తక్కువ. అది మడికి పనికివచ్చునో రాదో ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు. ఏలయన శాస్త్రములు వ్రాసిన నాడు ఈ ప్రశ్నయే లేదు.